అగ్గిపెట్టెలో తెచ్చిన ఆరుద్ర పురుగులు

మరొకరి ఊళ్లో కురిసిన వానను చూసి మీరెప్పుడైనా అసూయపడ్డారా? నేను పడ్డాను. ఆ అసూయ మా నాయిన పెట్టిన విత్తనాన్ని మట్టిపాలు చేసింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం జనగామ రోడ్ల మీదే వంటావార్పులు సాగుతున్న రోజులవి. కళాశాల డిబేట్లలో నాకు ఎదురులేదని పేరు. దీక్షా శిబిరంలో మైకు అందగానే, మా బచ్చన్నపేట చేలు ఎండడానికి నీటి వాటాలో జరిగిన అన్యాయమే ఏకైక కారణమని వాదించాను. నా తర్వాత, హాస్టల్లో నా గదిలోనే ఉండే కాటారం అమ్మాయి లేచింది. "వాటా అంటే కొట్లాడి తెచ్చుకుందాం. గాని వాన రాకడనే మారింది గదా, గదెవ్వల్ని అడుగుదాం?" అంది. నాకు పడినవాటికంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

నేను కొట్టలేదు. అడవి అంచున, వానల నడుమ పుట్టిన మనిషికి కరువు గురించి మాట్లాడే హక్కెక్కడిదని లోలోపల వాదించుకుంటూ కూర్చున్నాను.

తరగతులు బహిష్కరించిన ఆ వారంలోనే ఆమె నన్ను తన ఊరికి తీసుకుపోయింది. చేను గట్టు మీద మఖ్మల్ ముక్కల్లా ఎర్రెర్రగా ఆరుద్ర పురుగులు పాకుతున్నాయి. తొలకరికి నేల లోతుగా తడిస్తేనే అవి పైకి వస్తాయి. అవి కనబడితేనే మా నాయిన పత్తి గింజ పెడతాడు. ఆ ఏడు మా చేనులో అప్పటికి ఒక్కటీ కనబడలేదు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? గిప్పుడు గివి ఏడున్నయ్? మా చిన్నప్పుడు కాలు పెట్ట జాగ ఉండకపోయేది," అంది ఆమె తల్లి. ఆ మాట నా చెవికెక్కలేదు. నా చూపంతా ఆవిడ పాదాలకు అంటిన బురద మీదే. కొన్ని పురుగులను తడిమట్టితో సహా అగ్గిపెట్టెలోకి ఎత్తుకున్నాను.

"గవెందుకే, పరీక్షల రాస్తవా?" అని స్నేహితురాలు నవ్వింది.

నేను ఇల్లు చేరేసరికి, ముందురోజు పడిన చిరుజల్లు మా నేల పైపొరను మాత్రం తడిపి ఉంది. చేనులోకి వెళ్లి పెట్టె తెరిచాను. మాకూ ఉండాలి, అంతే. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

మరునాడు పొద్దున నాయిన చేను నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఆరుద్ర పురుగులు బయటికెల్లినయ్ బిడ్డా! తడి లోపటికి దిగినట్టే. ఇయ్యాల్నే గింజ పెడదాం."

ఎన్నాళ్లకో ఆయన ముఖంలో సంబురం. దాన్ని చెడగొట్టే మాట నా వల్ల కాలేదు. ఇంట్లో ఉన్న విత్తనం ఒక్కసారి విత్తడానికే సరిపోతుందని తెలిసి కూడా, అమ్మ వెనక సాళ్లలో వంగి నేనూ గింజలు పెట్టాను.

వాన రాలేదు. పన్నెండోనాడు నాయిన సాలులో వేలితో తవ్వి గింజను అరచేతిలో పెట్టుకున్నాడు. మొలక పైకి రాకముందే మాడిపోయింది. "ఆరుద్ర పురుగులు గిట్ల మోసం చేసుడు నేనెన్నడు చూడలే," అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "డిబేట్ల గెలుస్తవంటరు. ఒక్క ముచ్చట చెప్పకపోతివి," అని గింజను మళ్లీ మట్టిలోకి జారవిడిచాడు.

వాన రాకడ గురించి నా స్నేహితురాలు అడిగిన ప్రశ్న మీద నా అసూయ ఇప్పటికీ పోలేదు. ఎండిన చేను నుంచి వచ్చిన నేను అడగవలసిన ప్రశ్న అది. ఆమె తల్లి మాట కూడా ఆలస్యంగానే అర్థమైంది: నేను చూసి ఓర్వలేకపోయిన ఆ తడి సైతం ఏటేటా తరిగిపోతున్నదే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ తొలకరికి మీ చేనుకు వెళ్లండి. ఆరుద్ర పురుగు తొలిసారి కనబడిన రోజును గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. వచ్చే ఏడూ రాయండి, రెండింటినీ మీ గ్రామసభలో చదివి వినిపించండి. కనబడకపోతే, కనబడలేదనే రాయండి.