పెరిగిన క్లిక్కులు

ఆస్పత్రి యాప్‌కు కొత్త రూపం ఇచ్చిన రోజున, లెక్కలక్కకు మాటమాత్రం చెప్పకుండా పాత లెక్కలన్నీ చెరిపేశారు. రోగులు యాప్‌లో ఎక్కడ నొక్కుతున్నారో, ఎక్కడ విసిగి ఆగిపోతున్నారో ఏళ్ల తరబడి ఆమె పోగుచేసిన లెక్కలవి. మా ఆఫీసులో ఆమెకు లెక్కలక్క అన్న పేరే స్థిరపడింది. కళ్లజోడు నెత్తికెక్కించుకుని, తెరకు ముక్కు ఆనేంతగా వంగి, గ్రాఫు గీత వెంట చూపుడువేలు నడిపిస్తుంది. పక్కన టీ తొరక కట్టినా పట్టదు. కొత్త యాప్‌లో డాక్టరు అపాయింట్‌మెంటు బటన్ ఎక్కడో లోపలికి పోయింది. మీటింగులో మేనేజరు ఛాతీ విరుచుకుని, "మొత్తం క్లిక్కులు రెట్టింపయ్యాయి, చప్పట్లు కొట్టండి!" అన్నాడు.

"అది వెతుకులాట సార్. ఆ బటన్ దొరక్క, కనపడ్డదల్లా నొక్కుతున్నారు. దాన్ని మళ్లీ ముందుకు తెండి," అంది ఆమె.

"అలాగా? పాత యాప్‌లో ఆ బటన్ ఎందరు నొక్కేవారో చూపించమ్మా, ఇప్పుడే తెచ్చేద్దాం."

చూపించడానికి ఏం మిగిల్చారు గనక? "లెక్కలక్క దగ్గరే లెక్క లేదు!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

మొన్న లిఫ్టు దగ్గర కనబడితే, యాప్ ఎలా నడుస్తోందని అడిగాను.

"క్లిక్కులు తగ్గిపోయాయి తమ్ముడూ. జనానికి అలవాటైపోయిందని పైవాళ్లు మురిసిపోతున్నారు. అలవాటూ లేదు, పాడూ లేదు. వెతికి వెతికి మానుకున్నారు," అంది.