బొగ్గు కలిపిన మనిషి దగ్గర వైన్ పాఠం

రాయ్‌పూర్‌లో నేను పనిచేసే హోటల్లో నిన్న మధ్యాహ్నం కియాంతి అనే ఇటలీ ఎర్ర వైన్ సీసా ఒకటి తెరిచాను. బిరడా రాగానే పుల్లటి పండు వాసన, దాని వెనకే తడిసిన మట్టి వాసన గుప్పుమన్నాయి. అతిథులు ఎదురుగా ఉండగానే నాకు నవ్వొచ్చేసింది. ఈ ఇటలీ వాసన తగిలినప్పుడల్లా నాకు భిలాయి సెక్టర్ 2లో దానియేలు మావయ్యగారి వంటగది గుర్తుకొస్తుంది.

మావయ్య అంటే చుట్టం కాదు, మా పక్క క్వార్టర్ ఆయన. భీమిలి నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో కొలిమికి వేసే కోక్ తయారీకి రకరకాల బొగ్గులను పాళ్ల ప్రకారం కలిపించే ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పనిచేశారు. మధ్యలో పని మీద ఇటలీ వెళ్లి మూడు నెలలుండి, అక్కడి ఎర్ర వైన్ మీద ప్రేమ పెంచుకుని వచ్చారు. రిటైరయ్యాక ఒక పాడు జ్వరం వచ్చి ఆయనకు వాసన తెలియకుండా పోయింది. రూతు అత్తయ్య పప్పు మాడబెట్టినా ఆయన హాయిగా తినేవారు. ఆ జ్వరంతో బాగుపడింది అత్తయ్య ఒక్కరేనని మేమంతా ఆటపట్టించేవాళ్లం.

నేను హోటల్ రిసెప్షన్‌లో చేరిన రెండో ఏడు వైన్ విభాగంలోకి తీసుకోవడానికి పరీక్ష పెట్టారు. ఇటలీ ఎర్ర వైన్లు రుచి చూసి వివరించాలి. పుస్తకంలోని చెర్రీలూ వయొలెట్ పూలూ గడగడా అప్పజెప్పాను. అవి నేను జన్మలో వాసన చూడలేదని మేనేజరుగారికి ఇట్టే తెలిసిపోయింది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే జీవితమంతా గది తాళాలు అందించడమే. ఏడుపుమొహంతో మావయ్య దగ్గరికి వెళ్లి, ఒకే సీసాలో మూడు రకాల ద్రాక్షలు కలిపితే అది కల్తీయే కదా, అందులో అర్థం చేసుకోవడానికి ఏముందని విసుక్కున్నాను.

"ఏటమ్మా అన్నావు? కల్తీయా?" అన్నారు మావయ్య. "అయితే ముప్పై ఏళ్లు నేను చేసింది కల్తీయేనేటి?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. ఆ పూట నాకు టీ కూడా ఇవ్వలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయనే పిలిచారు. వంటగది గట్టు మీద మూడు స్టీలు గ్లాసులు. ఒకదాంట్లో నేరేడు రసం, ఒకదాంట్లో తియ్యటి ద్రాక్ష రసం, మూడోదాంట్లో బీట్‌రూట్ నీళ్లు. మొదటిది నాలుకను పట్టేసింది. రెండోది జారిపోయింది. మూడోదానికి రంగే గాని రుచి లేదు. పాళ్లు మార్చి మార్చి కలిపించారు. అయిదోసారికి, మూడింట్లో దేనికీ లేని రుచి ఒకటి నోట్లోకొచ్చింది. అత్తయ్య తన గట్టంతా ఎర్రబడిందని గొణుగుతూనే ఉన్నారు.

"బొగ్గూ అంతేనమ్మా. ఒకటి గట్టిది, ఒకటి మెత్తబడి మిగిలినవాటిని అతికిస్తాది, ఒకటి బూడిద తగ్గిస్తాది. పేర్లు తరవాత. ఏది ఎందుకొచ్చిందో అదడుగు," అన్నారు మావయ్య.

అప్పుడు తను దాచుకున్న కియాంతి తీశారు. సాంజొవేజె అనే ద్రాక్ష పులుపుతో నిలబెడుతుంది, కనయోలో అనేది దాన్ని సముదాయిస్తుంది, కలోరినో అనేది రంగు పోస్తుంది. ముక్కు నాది, నాలుక ఆయనది. నేను వాసన చూసి చెప్పాలి, ఆయన తాగి సరిచూడాలి. చెర్రీ అంటే తల అడ్డంగా ఊపేవారు. తనకు గుర్తున్న వాసనల్లో చెప్పమనేవారు. నేను తడుముకుని తడుముకుని నేరేడు తొక్క అన్నాను, తొలి వాన పడిన స్కూలు మైదానం అన్నాను, అత్తయ్య బీరువాలోని లవంగం అన్నాను. ఆయన మొహం విప్పారింది. అలా నాలుగు ఆదివారాలు గడిచాయి.

రెండో పరీక్షలో పుస్తకం మాట ఒక్కటీ నోటికి రాలేదు. గ్లాసులో ఏది ఎందుకుందో మాత్రం చెప్పాను. సగం హిందీలో, నేరేడును జామున్ అన్నాను, వానను బారిశ్ అన్నాను. మేనేజరుగారు తన గ్లాసు మళ్లీ వాసన చూసుకుని నా పేరు రాసుకున్నారు.

ఒక కియాంతి సీసా కొనుక్కుని నేరుగా సెక్టర్ 2కి వెళ్లాను. మావయ్య ఫలితం అడగలేదు. గ్లాసు చేతిలోకి తీసుకుని, ఏముందో చెప్పమన్నారు. తొందరపడకుండా అన్నీ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విని, ఒక గుక్క తాగి, చాలాసేపు మింగకుండా ఉంచుకున్నారు.

"వచ్చిందమ్మా వాసన," అన్నారు.

నిజంగా వచ్చిందో, నా కోసం అన్నారో అడగలేదు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. మావయ్య ఇప్పుడు లేరు. నేను వైన్ పోసే వాళ్లందరి ముక్కులూ భేషుగ్గా పనిచేస్తాయి. అయినా ఏ గ్లాసు గురించి చెప్పాల్సి వచ్చినా, వాసన తెలియని మనిషొకరు ఎదురుగా కళ్లు మూసుకుని వింటున్నట్టే చెబుతాను.