దసరా నాడు కత్తుల గదిలో

మా వారికి పాత జపాన్ సైనికుల కత్తులు సేకరించే పిచ్చి. అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఇంట్లో బట్టల కోసం కట్టిన చిన్న గదిలాంటి క్లోజెట్ నిండా అవే. పాప నడక నేర్చిన దగ్గర్నుంచి నాకు ఒకటే భయం. తలుపుకి బయట గడియ పెట్టించి, "తెరిచి కనిపిస్తే వెంటనే వేసెయ్యండి" అని మా అత్తయ్యకి వందసార్లు చెప్పాను.

నిరుడు దసరాకి అత్తయ్య, "ఇంట్లో అసలైన ఆయుధాలుండగా కారుకీ లాప్‌టాప్‌కీ పూజేంటే? ఒక కత్తి పట్రా" అన్నారు. క్లోజెట్‌లోకి వెళ్లి, తుప్పు పట్టిందేమో చూద్దామని ఒక కత్తిని ఒరలోంచి లాగాను. అప్పుడే రెండేళ్ల పాప వెనకే వచ్చి నా కాళ్లు చుట్టేసింది. ఆ వెంటనే బయట గడియ పడిన చప్పుడు.

"అత్తయ్యా, మేం లోపలున్నాం!" అని అరిచాను. వంటింట్లో మిక్సీ మొదలైంది.

కత్తి ఒరలో పెట్టాలంటే రెండు చేతులూ కావాలి. కింద పెడితే పాప పట్టుకుంటుంది. ఒక చేత్తో పాపని ఆపుతూ, కత్తిని తలపైకెత్తి నిలబడ్డాను. "అమ్మా, అప్! అప్!" అని పాప ఎగురుతోంది. చెమటకి పిడి జారుతోంది.

మిక్సీ ఆగాక పాప ఏడుపు విని అత్తయ్య తలుపు తీశారు. నన్ను చూసి బిత్తరపోయి దణ్ణం పెట్టేశారు.

"శాంతించు తల్లీ! గడియ వేసింది నేనే!"

"ముందు పాపని తీసుకోండి అత్తయ్యా!"

తర్వాత ఆవిడ పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గడియ పెట్టించినప్పుడు, పాప ఎప్పుడూ తలుపుకి అవతలే ఉంటుందనుకున్నాను. ఇప్పటికీ తను ఎత్తుకోమని చేతులు చాపితే, ముందు నా చేతుల్లో ఏముందో చూసుకుంటాను.