తెరగుడ్డ మీద ఎర్ర సిలువలు

సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడినవాడు ఒకప్పుడు పెళ్ళాం బిడ్డల్ని గాలికొదిలేసిన మనిషి, ఈ మాట దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే దాచిపెడితే నా దేవుడు చేసిన మేలును కూడా దాచినట్టే!

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజులవి. బెంగళూరు దగ్గర హొసకోటెలో మాకు చిన్న ఇల్లు, కుట్టుపని చేసే నా భార్య శాంతమ్మ, మూడేళ్ళ కూతురు గ్రేసు. నాకేమో బొమ్మలు రాసే పిచ్చి. కళకు సంసారం అడ్డమని నా గర్వం చెప్పింది, నేను నమ్మాను. శాంతమ్మ నీళ్ళకు పోయిన సమయం చూసి, కుంచెలు సంచిలో వేసుకుని బెంగళూరు చేరి, ఒక నాటకాల కంపెనీలో తెరల మీద బొమ్మలు రాసే పనికి కుదిరాను. రాజదర్బారు రాసినా, అడవి రాసినా జనం ఆహా అనేవారు, నేను ఉబ్బిపోయేవాణ్ణి. నా జాడ తెలుసుకుని శాంతమ్మ రాసిన ఉత్తరాలు విప్పకుండానే పెట్టె అడుగున పడేశాను, చదివితే మనసు ఇంటికి లాగుతుందని! మందిరం మానేశాను, ప్రార్థన మరిచాను. మూడేళ్ళు అలాగే గడిచాయి.

తెర రాసే ముందు గుడ్డలు కలిపి కుట్టిస్తారు, ఆ కుట్లు జనానికి కనబడకుండా చింతగింజల గంజి దట్టంగా పూసి, ఎండాక రంగు వేస్తాం. ఒకరోజు కొత్త గుడ్డ నేల మీద పరిచి, గంజి చట్టి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కుట్టు చివర ఎర్రదారంతో చిన్న సిలువ! రెండో కుట్టు చూశాను, అక్కడా సిలువే. అలా కుట్టేది మా శాంతమ్మ ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో ఎందుకని అడిగితే, "ఈ గుడ్డ ఎవురి చేతికి పోతాదో ఏమో అప్పా, వాళ్ళను కాపాడమని దేవునికి ఒక మాట చెప్పుకుంటా" అని నవ్వింది. ఎవరి కోసమో తెలియకుండానే చేసిన ఆ ప్రార్థనలన్నీ నా చేతికే వచ్చాయి! వాటి మీద గంజి పూయడానికి నాకు చేతులు రాలేదు. "ప్రభువా, నేను వదిలేసినామె నన్ను వదల్లేదు, నువ్వూ వదల్లేదు, నన్ను ఇంటికి తీసుకుపో తండ్రీ" అని ఆ గుడ్డ మీదే బోర్లాపడి ఏడ్చాను.

గుడ్డ తెచ్చిన వ్యాపారిని అడిగితే, కాడుగోడి స్టేషను దగ్గర ఒకామె కుట్టి ఇస్తుందన్నాడు. శాంతమ్మ అక్కడ తన అక్క ఇంట్లో తలదాచుకుందట, ఉత్తరాలు విప్పి ఉంటే ఎప్పుడో తెలిసేది! ఆ మధ్యాహ్నమే రైలెక్కాను. వాకిట్లో కుడుతూ కూర్చున్న శాంతమ్మ నన్ను చూసి లేవలేదు. "బొమ్మలు రాయొద్దని నేనెప్పుడన్నా అంటినా అప్పా? మమ్మల్ని వదిలేసి రాయమని ఎవురు చెప్పిరి నీకు?" అంది. ఆమె ముందు నేల మీద కూర్చుని తప్పయిందన్నాను. ఆమె వెనక నుంచి గ్రేసు తొంగిచూసి, "ఎవురమ్మా ఈయప్ప?" అంది. సహోదరులారా, ఏ నరకం గురించి చెప్పినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

శాంతమ్మ బిడ్డ చెయ్యి పట్టి నా చేతిలో పెట్టింది. ఆ బిడ్డ నన్ను నాన్నా అనడానికి నెల పట్టింది, అన్న రోజు ముగ్గురం మోకాళ్ళ మీద పడ్డాం!

ఇప్పటికీ తెరలే రాస్తున్నాను, మా వాకిట్లోనే, శాంతమ్మ కుడుతుంది, నేను రాస్తాను, గ్రేసు రంగులు కలిపి ఒళ్ళంతా పూసుకుంటుంది. ఇల్లు విడిచి పారిపోయినవారు ఈ సభలో ఎవరైనా ఉంటే వినండి, మీ పేరున కూడా ఎక్కడో ఒక ప్రార్థన సాగుతూనే ఉంది, నన్ను తెచ్చినవాడు మిమ్మల్నీ తెస్తాడు, ఆయన్ని నమ్మి లేచి రండి! ఆయన నామానికే మహిమ. నా తెరల్లో ఆ ఎర్ర మచ్చలేమిటని కంపెనీవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు, నేను మాత్రం వాటి మీద గంజి పూయను.