కాదనడానికి చాలని ఇంగ్లీషు

మా ఊరి సభలో లేచి మాట్లాడేవాళ్లు ముందు అది ఎవరి మాటో చెప్పాలి. నా మాట అనాలి, లేదా రాలేకపోయిన మా అత్త మాట అనాలి. మంచం పట్టిన ముసలివాళ్లు, సంతకు పోయినవాళ్లు, బాలింతలు తమ మాటను ఇంకొకరి చేత పంపుతారు. తెచ్చినవాళ్లు దానికి ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. చిన్నప్పుడు నాకిదంతా ఉత్త చాదస్తంగా కనిపించేది. చెప్పేదేదో చెప్పి ఇంటికి పోక ఈ పీఠికలేమిటని విసుక్కునేదాన్ని.

డిగ్రీ రెండో ఏడాదిలో మా కాలేజీవాళ్లు ఇంగ్లీషు వ్యాసాల పోటీ పెట్టారు. మా ఇంగ్లీషు సారు బోర్డు మీద విషయం రాశారు: పర్యాటకంతో గిరిజన ప్రాంతాలు బాగుపడతాయి, ఒప్పుకుంటారా, ఒప్పుకోరా? నేను లేచి, ఒప్పుకోనని రాస్తాను సార్ అన్నాను. అప్పటికే మా ఊరి పైనున్న కాఫీ తోటల వాలు మీద రిసార్టు కడతారని మాట పుట్టింది. ఆ వాలులో మా తోట కూడా ఉంది. అందులో ఒక వరస మొక్కలు నేను నా చేత్తో నాటినవి.

సారు మైదాన ప్రాంతం నుంచి వచ్చినవారు, మంచివారే. నా మేలు కోరే చెప్పారు. "ఒప్పుకుంటానని రాయమ్మా. కాదనాలంటే అవతలివాళ్ల వాదన చెప్పాలి, దాన్ని ఖండించాలి, ఎందుకో నిరూపించాలి. అంత ఇంగ్లీషు నీకింకా రాలేదు. అవునంటే నాలుగు పేరాల్లో అయిపోతుంది."

నాకు రోషం వచ్చింది. హాస్టల్ గదిలో రఫ్ పుస్తకం ముందేసుకుని కాదనే రాయబోయాను. సారు నేర్పిన ప్రకారం కోపం కనబడకూడదు. ఇంట్లో మాట్లాడినట్టు ఉండకూడదు. డోంట్, కాంట్ లాంటి పొట్టి మాటలు రాయకూడదు, డూ నాట్ అని పూర్తిగా రాయాలి, అదే ఫార్మల్. పేరాకో కారణం ఉండాలి. నా కారణాలు నాకు తెలుసు. ఆ వాలు మీద మా అమ్మ నడుము వంగింది. పైన బండ దగ్గర అమ్మవారికి తొలి పంట పెట్టకుండా మేం ముద్ద ముట్టం. వీటన్నిటినీ ఇంగ్లీషులోకి దింపితే చివరికి మిగిలింది ఒక్క వాక్యం, అది మా భూమి అని. తీసుకెళ్లి చూపిస్తే సారు దాని చుట్టూ ఎర్ర సిరాతో గీసి, ఎందుకో వివరించు అని రాసిచ్చారు. నాకు ఒళ్లు మండింది. మా భూమి మాదెందుకో మార్కుల కోసం వివరించాలట.

మూడు రోజులు కొట్టుకున్నాను. ఎటు తిరిగినా మాటలు చాలలేదు. పోటీ నాటికి చచ్చినట్టు అవుననే రాశాను. రోడ్లు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి, మా సంస్కృతి లోకానికి తెలుస్తుంది. అన్నీ సారు చెప్పిన పాయింట్లే. పేరాకోసారి ఇన్ మై ఒపీనియన్ అని పెట్టాను. మొదటి బహుమతి వచ్చింది. అతిథిగా వచ్చిన పర్యాటక శాఖ ఆఫీసరు తెగ మెచ్చుకుని నా కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. అబద్ధమెందుకు, నేను పొంగిపోయాను. షీల్డు పట్టుకున్న ఫొటో ఇంటికి పంపిస్తే మా అమ్మ దాన్ని ఊరంతా చూపించింది.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రిసార్టు గురించి గ్రామసభ పెట్టారు. బడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆ ఆఫీసరే. ఊరివాళ్లు ఔననీ కాదనీ అనకుండా కూర్చుంటే, ఆయన సంచీలోంచి నా వ్యాసం ప్రింటు తీశాడు. "మీ ఊరి అమ్మాయే ఎంత చక్కగా రాసిందో వినండి. లేమ్మా, చదివి వీళ్లకు తెలుగులో చెప్పు."

మా అమ్మ ముఖం వెలిగిపోయింది. అందులో ఏముందో తనకు తెలియదు. "సదువే, అందరూ ఇంతారు" అంది.

లేచి నిలబడ్డాను. ఇన్ మై ఒపీనియన్ దగ్గరే ఆగిపోయాను. దాన్ని మావాళ్లకు చెప్పాలంటే ఇది నా మాట అనాలి. అన్నానంటే వాలు ఇచ్చేయమని నా నోటితో నేనే చెప్పినట్టు. అనకపోతే షీల్డు దొంగదవుతుంది, మా అమ్మ తల దించుకోవాలి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. కాగితం మడిచి పారిపోదామన్నా చుట్టూ మావాళ్లే కూర్చుని ఉన్నారు.

ఊరిపెద్ద కాగితం వైపు చెయ్యి చూపించి అడిగాడు. "ఇది ఎవులి మాటమ్మా?"

"మా సారు మాట తాతా. రాసింది నేను."

ఆఫీసరు నవ్వాడు. "కింద నీ సంతకమే ఉంది కదమ్మా."

ఊరిపెద్ద ఆయన వైపు చూడలేదు. "మరి నీ మాటేటి?"

నా దగ్గర లేదు. ఒట్టు, ఆ క్షణంలో నా బుర్రలో మొదటగా, రెండవదిగా, ముగింపుగా అనేవి తప్ప ఇంకేమీ లేవు. తెలుగులో కూడా రాలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు మా అమ్మ లేచింది. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. "దీని మాట నా కాడుంది" అంది. "ఆరో తరగతికి హాస్టల్‌కి ఎల్లిన్రోజు జీపెక్కి, మళ్లీ దిగొచ్చి నాతో సెప్పింది. అమ్మా, నా మొక్కలు ఎవులికీ ఇయ్యకు, నానొచ్చి సూసుకుంతాను అని. ఆ మాట మళ్లీ ఎనక్కి అడగలేదు. నానొక్క ముక్క కలపలేదు."

మాట పంపేది రాలేనివాళ్లు. నేను అక్కడే నిలబడి ఉండగా నా మాటను మా అమ్మ మోయాల్సి వచ్చింది. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

"రాసుకోండి" అన్నాడు ఊరిపెద్ద.

ఆఫీసరు పెన్ను తీశాడు. "కారణం ఏమని రాయమంటారు?"

"దాన్నే రాయమనండి" అంది మా అమ్మ నన్ను చూపించి. "సదువుకుంది."

పెన్ను తీసుకుని ఆ ప్రింటు అడుగునే రాశాను. ఐ డూ నాట్ అగ్రీ. సారు నేర్పినట్టే డోంట్ అనకుండా, ఫార్మల్‌గా రాశాను. కారణం రాయలేదు.