సున్నపుగుట్ట మీద ఖాదర్ మాస్టారు

మా అపార్టుమెంటు మెట్లకు వెల్ల వేయిస్తున్నారు. కింద డ్రమ్ములో సున్నపు రాళ్ళు పోసి మేస్త్రీ నీళ్ళు కుమ్మరించగానే బుస్సుమని లేచిన ఘాటు వాసన, బెంజ్ సర్కిల్ పొగనంతా దాటుకుని మూడో అంతస్తు దాకా వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నేను తెరిచాను. ఆ వాసన వస్తే నాకు ఖాదర్ మాస్టారు గుర్తొస్తారు. డెబ్భైల్లో, బీఎస్సీ ఆఖరి ఏడు, ఆయన మాకు జువాలజీ చెప్పారు.

ఏటా మా కాలేజీవాళ్ళు జగ్గయ్యపేట అవతల మెట్టలో, సున్నపురాయి గుట్టల మీదున్న రిజర్వు ఫారెస్టుకు ఫీల్డ్ టూరు తీసుకెళ్ళేవారు. టూరు రికార్డు మాత్రం టూరుకు ముందే పూర్తయ్యేది. సీనియర్లది చూసి మేం రాసేవాళ్ళం. వాళ్ళు వాళ్ళ సీనియర్లది చూసి రాశారు. ఆ లెక్కన ఒకే చిరుతపులి ప్రతి బ్యాచ్‌కూ, అదే వాగు దగ్గర, అదే ఎడమ కాలు ముందుకు పెట్టి కనిపించేది. వయసు మీదపడినా సెలవు పెట్టి ఎరగదు. మేం వెళ్ళిన రోజు మాత్రం అందరం చెట్టు కింద పులిహోర తిని తిరిగొచ్చాం.

మాస్టారు మా కాలేజీకి ఆ ఏడే వచ్చారు. నా రికార్డు తిరగేసి, "సన్నని జల్లులో బయల్దేరాం అని రాశావు. ఆవేళ వాన పడిందా బాబూ?" అన్నారు.

"చూసుకోలేదండి."

"చిరుతని చూశావు, వానని చూసుకోలేదు."

సంతకం పెట్టకుండా అందరి రికార్డులూ వెనక్కిచ్చేశారు. మిగతావాళ్ళు చెట్టు మీద చూసిన కాకినీ ఉడుతనూ రాసుకుని బయటపడ్డారు. నాకు కాకితో బయటపడటం నామోషీ అనిపించి, "నిజంగానే చూశానండి" అన్నాను.

"అయితే ఆదివారం వెళ్దాం. నాకూ చూపిద్దువుగాని."

ఆ సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. ఒక ఏడాది పోతుంది. మా నాన్న అప్పటికే ఊళ్ళో నన్ను డిగ్రీ పాసు చేసేశారు.

ఆదివారం మొదటి బస్సెక్కాం. ఇబ్రహీంపట్నంలో కొందరు దిగారు. నా ధైర్యం కూడా అక్కడే దిగిపోయింది. కాలవ కింద పుట్టినవాణ్ణి, నేలంటే నల్లగా, తడిగా ఉంటుందనుకునేవాణ్ణి. ఆ గుట్ట మీద నేల తెల్లగా, పొడిగా, చెప్పుల కింద పింగాణీలా చప్పుడు చేసింది. చప్పుడు రాళ్ళది కాదు, నత్తగుల్లలది. మాస్టారు ఒకటి నా చేతిలో పెట్టి, "వీటికి ఇల్లు కట్టుకోవడానికి కావలసింది సున్నమే. ఇక్కడ దానికి కరువు లేదు" అన్నారు. తుప్పల కింద ఏదుపంది ముల్లు చూపించారు. రాతి పగుల్లో ఎండ కాగుతున్న ఉడుమును చూపించారు. చిరుత సంగతి మాత్రం ఎత్తలేదు. అదే భరించలేకపోయాను.

"మాస్టారూ, చిరుత లేదండి."

"తెలుసులే. కూర్చో."

"మరెందుకొచ్చామండీ ఇంత దూరం?"

"అది లేదని తేలిపోయింది కదా. ఉన్నవాటిని ఇప్పుడు చూద్దాం."

రెండు గంటలు కదలకుండా కూర్చున్నాం. అప్పటిదాకా నేను సినిమా హాల్లో తప్ప అంతసేపు నోరు మూసుకున్నది లేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్న క్షణంలో, ఎదురుగా బండ వెనక్కి ఏదో జారిపోయింది.

"ఏమిటది?" అన్నారాయన, కళ్ళజోడు పెట్టుకుంటూ.

తోడేలు అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, కాదనేవాళ్ళు లేరు.

"తోక మాత్రమే కనిపించిందండి. బూడిద రంగు, కుచ్చు తోక."

"అయితే తోక వరకే రాయి."

అక్కడే రాయి మీద కూర్చుని ఒక పేజీ రాశాను. నత్తగుల్లలు, ముల్లు, ఉడుము, తోక. ఆయన చదివి, కింద సంతకం పెట్టి, కలం జేబుకు తగిలించుకుని, "ఆకలేస్తోందా?" అన్నారు. నా అబద్ధం గురించి ఆ రోజూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ పేజీ దగ్గర ఆగారు. "ఈ తోకేమిటయ్యా? నక్క అని రాసుకోలేకపోయావా?"

"రాసుకోవచ్చండి. మిగతా నక్క కనిపించలేదండి."

ఆయన నన్నూ, కింద సంతకాన్నీ కాసేపు చూశారు. మార్కులు ధారాళంగా వేశారని చెప్పలేను. పాసయ్యాను.

తర్వాత ముప్ఫై ఏళ్ళు తనిఖీ రిపోర్టులు రాసే ఉద్యోగం చేశాను. "మిగతాది మీరే ఊహించి పూర్తి చేసెయ్యండి సార్" అని పైనుంచీ కిందనుంచీ అడిగినవాళ్ళున్నారు. నేను చూసినంతవరకే రాసి సంతకం పెట్టేవాణ్ణి. దానివల్ల ప్రమోషన్లు ఒకటి రెండు తీరిగ్గా వచ్చాయి. రాసిన రిపోర్టు మాత్రం ఒక్కటి కూడా దిద్దుకోవలసి రాలేదు.