భూమక్క ఆపిన మిషను

మిషను నడవకముందే భూమక్క ఒక్కొక్క ఆడామె దగ్గరికి పోయి కొంగు నడుముకు బిగించేది, జడను రుమాలు కిందికి దోపేది. "పెండ్లికూతుర్ల లెక్క తయారు చేస్తవేందక్కా" అని అందరు నవ్వేటోళ్లు. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల దూది నుసి రెప్పల మీద తెల్లగ పేరుకున్నా, ఆమె చూపు మాత్రం రోలర్ల దగ్గర ఆడే చేతుల మీదికెల్లి కదిలేది కాదు. ఓనాడు పత్తి ఇరుక్కుంటే, పక్కన పనిచేసే గంగామణి మిషను ఆపకుండనే చెయ్యి పెట్టింది. రోలరు ఆమె జారిన కొంగును గుంజుకుంది. భూమక్క ఉరికొచ్చి ఎర్ర బటన్ ఒత్తింది. మిల్లంత ఆగిపోయింది.

మిల్లు ఓనరు సేటు మండిపడుకుంట వచ్చిండు. "ఎవరు ఆపిండ్రు?"

"నేనే సేటూ. గంగామణి కొంగు రోలర్ల పడ్డది."

సేటు అటు తిరిగిండు. గంగామణి చినిగిన కొంగును చంకల దాసుకుంది. "నాకేం కాలే సేటూ. అక్క ఊకెనే ఆపింది."

సేటు అప్పటికప్పుడే భూమక్కను బయట ఎండల పత్తిగింజలు ఎత్తే పనికి తోలిండు.

పొద్దుగూకంగ ఇంటికి పోయే ఆటోల గంగామణి జరిగి జాగ ఇచ్చింది. "పని తీసేస్తడని భయపడ్డ అక్కా. రా, కూసో."

"నీ చెయ్యి పోతదని నేను గూడ భయపడ్డ" అన్నది భూమక్క. ఆటో ఎక్కకుండ ఒక్కతే ఊరి తొవ్వ పట్టింది.